పన్నెండు మెట్లకి అందనిది

మార్చి 3

అక్కా,

నీకు ఉత్తరం రాసి పద్నాలుగు నెలలైంది. నువ్వు లెక్కపెట్టి దెప్పేలోపు నేనే చెప్పేస్తున్నాను. ఇంట్లో అందరం కులాసా. నా మోకాలు ఒక్కటే కులాసా కాదు. అది నా మాట వినడం మానేసింది, అచ్చం నీలాగే.

పని పడే రాస్తున్నాను, ఒప్పుకుంటాను. మా ప్లాంటులో గ్యాసు నిలవ ఉంచే ఉక్కు గోళాలు ఐదున్నాయి కదా. ఒక్కోటి ఈ చివర నుంచి ఆ చివరకి పదహారు మీటర్లు, ఎనిమిది కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. ఆరేళ్ళకోసారి చుట్టూ పరంజా కట్టి, ఒంటినిండా ఆరువందల ఇరవై చోట్ల గోడ మందం కొలుస్తాం. అప్పటికీ ఇప్పటికీ ఎక్కడెంత అరిగిందో చెప్పడం ఇన్‌స్పెక్టరుగా నా పని.

చిక్కేమిటంటే, క్రితంసారి కొలిచిన కాంట్రాక్టరు ఒకటో గోళం మీద ఎక్కణ్ణుంచి కోణాలు మొదలుపెట్టాడో చూపించే డ్రాయింగు పోయింది. రికార్డు గదిలో పైపు పగిలి నానిపోయింది. అంకెలున్నాయి, కోణాలున్నాయి, ఆయన గోళానికి తల ఎటో కాళ్ళెటో మాత్రం తెలీదు. రెండు కొలతల్నీ ఎదురెదురుగా పెట్టి పోల్చలేకపోతున్నాను. మా మేనేజరు "ఏదో ఒకటి చెయ్యవయ్యా" అంటాడు. చిన్నప్పట్నుంచీ మనింట్లో ఏదో ఒకటి చేసేది నువ్వే కదా.

తమ్ముడు


మార్చి 11

తమ్ముడూ,

పనుంటేనే నేను గుర్తొస్తానని నాకు తెలుసు, కొత్తగా చెప్పక్కర్లేదు. మోకాలికి డాక్టరుని చూడు.

ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్నది ఇదే. ఇన్నాళ్ళకి ఒక మనిషి అడిగాడు, ఆ మనిషి మా తమ్ముడు కావడం చూస్తే నవ్వొస్తోంది. జాగ్రత్తగా చదువు.

గోళాన్ని ఎటు తిప్పినా గోళమే. ఆ తిప్పుళ్ళన్నీ కలిపి ఒక సమూహం. తిప్పడంలో తెంపు లేదు కాబట్టి, ఎంత కొంచెమైనా తిప్పొచ్చు కాబట్టి, దాన్ని లీ సమూహం అంటాం. ఆ సౌష్ఠవం లోంచే కొన్ని ప్రత్యేక ప్రమేయాలు, అంటే గోళం మీద పరిచిన అంకెల నమూనాలు, పుడతాయి. వాటిని ఎవరూ ఊహించి తయారు చెయ్యలేదు. తిప్పడం అనేది ఉంటే అవి ఉండి తీరాలి. మెట్లు మెట్లుగా ఉంటాయి. సున్నా మెట్టులో ఒకటే: అంతటా సమానమైన మందం. ఒకటో మెట్టులో మూడు: ఒక పక్క మందం, ఎదురు పక్క పలచన. రెండో మెట్టులో ఐదు: నడుం దగ్గర లావు, రెండు కొసల్లో సన్నం, అలాంటివి. మెట్టు పెరిగే కొద్దీ గళ్ళు చిన్నవవుతాయి. నీ ఆరువందల ఇరవై అంకెల్నీ "దీనిలో ఇంత, దానిలో ఇంత" అని విడగొట్టొచ్చు. దాన్నే విస్తరణ అంటాం.

ఇప్పుడు నీకు కావలసిన ముక్క. గోళాన్ని తిప్పితే ఒక మెట్టులోని అంకెలు తమలో తాము కలగాపులగమవుతాయి గాని, పక్క మెట్టులో అడుగుపెట్టవు. ఆ మెట్టు అంకెల వర్గాల మొత్తం మారదు. మీ కాంట్రాక్టరు తలకిందులుగా వేలాడుతూ కొలిచినా సరే, మారదు. కాబట్టి తల ఎటో తెలీకపోయినా పాతదాన్నీ కొత్తదాన్నీ మెట్టుకి మెట్టు పోల్చొచ్చు. ఆ తర్వాత రెండూ బాగా కుదిరే తిప్పుడేదో వెతికితే, పోయిన తల కూడా దొరుకుతుంది.

కాగితాలు పంపు. అంకెలు స్పష్టంగా రాయించు. నీ ఏడుకీ ఒకటికీ తేడా తెలీక చిన్నప్పుడే నా కళ్ళు పోయాయి.

అక్క


ఏప్రిల్ 6

అక్కా,

నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. మొదటిసారి నిద్రొచ్చింది, నాలుగోసారి ఒళ్ళు జలదరించింది. నిజం.

ఒకటో గోళం పాత అంకెలూ కొత్త అంకెలూ పంపుతున్నాను. ఏడులూ ఒకట్లూ సరిగ్గా ఉన్నాయి, ఎందుకంటే రాసింది నేను కాదు, ఉడత. మా పరంజా మనిషి. ముప్ఫై ఏళ్ళుగా ఎక్కుతున్నాడు, అసలు పేరు జీతం పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. మందం కొలిచే మీటరు పెట్టేముందు ఉక్కు ప్లేటుని వేళ్ళతో ఒకసారి తడతాడు. ఎందుకని అడిగితే, "సార్, మీ మీటరు అంకె చెప్తుంది, ప్లేటు మాట చెప్తుంది" అన్నాడు. నీ పద్ధతి గురించి వాడికి చెప్పాను. అంతా విని, "అయితే లెక్కలమ్మగారు నేలమీద కూర్చునే ఎక్కేస్తారన్నమాట" అన్నాడు. అప్పట్నుంచీ నీ పేరు లెక్కలమ్మ.

నీ మరదలు అడుగుతోంది, సెలవుల్లో వస్తావా అని.

తమ్ముడు


ఏప్రిల్ 29

తమ్ముడూ,

తల దొరికింది. మీ కాంట్రాక్టరు గోళం పైన మనిషి దిగే మూతని కాకుండా పక్కనున్న మూతని ధ్రువంగా పట్టుకుని కొలిచాడు. గోళాన్ని మనసులో పక్కకి పడుకోబెట్టి పని చేశాడన్నమాట. అలా తిప్పి పెడితే రెండు కొలతలూ చేతికి తొడుగులా కుదిరాయి. మూడు, నాలుగు మెట్లలో తేడా పెరిగింది. కింది సగం, గాలికి ఎదురుగా ఉన్న పక్క, సగటున ఒక మిల్లీమీటరు అరిగింది. మీ పరిమితికి ఇంకా చాలా దూరం. పట్టికలు జతచేశాను.

ఒక సంగతి రిపోర్టులో తప్పకుండా రాయి. ఉన్న అంకెలకి పన్నెండో మెట్టు దగ్గర ఆగిపోయాను. ఆ పైకి పోతే కొలతలోని పొరపాట్లనే అరుగుదల అనుకుంటాం. అక్కడ ఆగితే రెండు మీటర్ల కంటే చిన్నదేదీ సరిగ్గా కనపడదు, చుట్టుపక్కల కలిసిపోయి నునుపైపోతుంది. ఈ పద్ధతి గోళం మొత్తం ఎలా అరుగుతోందో చెప్తుంది. ఒకచోట గుంట పడితే చెప్పదు. ఈ వాక్యం నా మాటల్లోనే రాయి.

ఉడతకి నా నమస్కారాలు చెప్పు. అతని ఏడులు ముత్యాల్లా ఉన్నాయి. సెలవులకి రాలేను, పేపర్లు దిద్దాలి.

అక్క


జూన్ 14

అక్కా,

గెలిచాం! రిపోర్టు పెద్దాఫీసుకి వెళ్ళింది. మిగతా నాలుగు గోళాలకీ ఇదే పద్ధతి అన్నారు. మా విభాగానికి ఈ ఏడు షీల్డు వచ్చింది. ప్లాంటు పత్రికలో ఫొటో వేశారు, కత్తిరించి పంపుతున్నాను. మధ్యలో పొట్ట లోపలికి లాక్కుని నిలబడింది నేను. పక్కన షీల్డు పట్టుకుని నవ్వుతున్నది మేనేజరు, ఆయన నవ్వగా నేను చూడ్డం అదే మొదలు. ఉడతని కూడా పిలిచాను, రానన్నాడు. "ఫొటోలో పడితే ఎత్తు తగ్గిపోతాను సార్" అన్నాడు.

నీకెలా థ్యాంక్స్ చెప్పాలో తెలీదు. చెప్తే తిడతావు, చెప్పకపోయినా తిడతావు.

తమ్ముడు


జూన్ 22

పేజీ 1

తమ్ముడూ,

పత్రిక ముక్క చదివాను. "గోళాల కొలతలకు కొత్త పోలిక పద్ధతి. రూపకల్పన: ఇన్‌స్పెక్షన్ విభాగం." కింద పదకొండు మంది పేర్లున్నాయి. టీ తెచ్చేవాడి పేరు కూడా ఉన్నట్టుంది. నా పేరు లేదు. రెండుసార్లు వెతికాను, అచ్చు చిన్నది కదా, నా కళ్ళకి ఆనలేదేమో అనుకుని.

నాకు షీల్డు అక్కర్లేదు. ఒక మూల, బ్రాకెట్లో అయినా సరే, "ఫలానా ఆవిడ" అని ఉంటే చాలు. అది నీకు తట్టలేదు.

పేజీ 2

నా థీసిస్ సంగతి నీకు తెలుసు. నాలుగేళ్ళు నేను కట్టిన పట్టికల మీద మా గైడు తన పేరు వేసుకుని, చివర్న "సహకరించిన విద్యార్థికి కృతజ్ఞతలు" అన్నాడు. విద్యార్థి! ఆ రోజు నీ దగ్గరే కూర్చుని ఏడ్చాను. నువ్వు అప్పుడు, "అక్కా, నేనైతే వాడి పళ్ళు రాలగొట్టేవాణ్ణి" అన్నావు. ఇప్పుడు నీ పళ్ళు ఎవరు రాలగొట్టాలి? చిన్నప్పుడు నా డ్రాయింగు పుస్తకం అట్ట మీద నా పేరు చెరిపేసి నీ పేరు రాసుకుని క్లాసులో బహుమతి తెచ్చుకున్నావు. అమ్మ నవ్వి ఊరుకుంది. నేనూ నవ్వాననుకున్నారందరూ.

పేజీ 3

నా పేరుతోనే ఒక వ్యాసం రాద్దామని మీ అంకెలు మళ్ళీ తీశాను. పన్నెండు మెట్లూ కలిపి కట్టిన మందం నుంచి అసలు కొలతని తీసేస్తే ఏం మిగులుతుందో ఒక్కో చోటా చూశాను. అంతటా అర మిల్లీమీటరు లోపే. పాయింట్లు 341, 342, 367 దగ్గర మాత్రం అసలు కొలత నాలుగు మిల్లీమీటర్లు తక్కువ. మూడూ పక్కపక్కనే, ఐదో కాలు అతికిన చోట. విడిగా చూస్తే మూడూ మీ పరిమితికి పైనే, అందుకే ఎవరి కంటికీ ఆనలేదు. మీటరు తప్పు మూడుచోట్ల ఒకేలా రాదు. అక్కడ గుంట ఉందనుకుంటున్నాను, మధ్యలో ఇంకా లోతు ఉండొచ్చు. ఉడతని పంపి మళ్ళీ కొలవమను.

అక్క


జులై 2

అక్కా,

నీ ఉత్తరం చదవగలిగినంత చదివాను. డ్రాయింగు పుస్తకం దాకా వెళ్ళావు! అప్పుడు నాకు ఏడేళ్ళు.

పేరు ఎందుకు వెయ్యలేదో అడగొచ్చుగా. ప్లాంటు అంకెలు బయటికి ఇవ్వకూడదు. నీకు పంపానని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. ఇది ముందే చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పే. నువ్వు అడిగినట్టే చేయిస్తాను. పెద్దాఫీసులో ఒకాయన్ని పట్టుకోవాలి, కొంచెం టైమివ్వు.

తమ్ముడు


జులై 10

చేయిస్తానన్నావు, అంతే చాలు. ఆలస్యం చెయ్యకు. అయ్యాక ఒక ముక్క రాయి.

అక్క


ఆగస్టు 19

అక్కా,

మొన్న పొద్దున పదింటికి ఒకటో గోళం దగ్గర గ్యాసు లీకై అంటుకుంది. ఐదో కాలి మీద సిమెంటు పూత బీటలిచ్చిందని ఊడగొట్టడానికి ఉడతని ఎక్కించాం. ఆ పనికి అనుమతి కాగితం మీద సంతకం పెట్టింది నేను. పూత కింద నీళ్ళు నిలిచి ప్లేటు తినేసింది. పూత ఊడేసరికి తూటు పడింది. ఎక్కడ నిప్పు తగిలిందో ఇంకా తెలీదు. పది నిమిషాల్లో ఆర్పారు. గోళం నిలబడింది.

ఉడత ఆస్పత్రిలో ఉన్నాడు. మొహం, రెండు చేతులు, ఛాతీ కాలిపోయాయి. చూడ్డానికి వెళ్ళాను. కట్ల మధ్య నుంచి, "సార్, తట్టి చూశాను. చప్పుడు మొద్దుగా ఉంది. చెబుదామనుకునేలోపే" అన్నాడు. వాళ్ళావిడ నన్ను బయటికి పొమ్మనలేదు. పొమ్మన్నా బాగుండేది.

పద్ధతి ప్రకారం అంతా బాగుందన్నావు కదా. ఎలా జరిగిందో అర్థం కావడం లేదు.

తమ్ముడు


ఆగస్టు 27

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కాసేపటికి కోపం వచ్చింది.

"అంతా బాగుందన్నావు కదా"! నేనా అన్నాను? ఐదో కాలి సంగతి నీకు రాయలేదూ? చేయిస్తానని మాటిచ్చావు. ఏడు వారాలు ఊరుకున్నావు. ఆ తర్వాత ఆ మనిషిని కొలవడానికి కాదు, ఊడగొట్టడానికి ఎక్కించావు. అతనెలా ఉన్నాడో వెంటనే రాయి. మిగతాది తర్వాత మాట్లాడదాం.

అక్క


సెప్టెంబర్ 5

అక్కా,

ఉడత బుధవారం పోయాడు. పదిహేడు రోజులు ఉన్నాడు.

నువ్వు ఏ మాట గురించి అంటున్నావో నాకు నిజంగా తెలీడం లేదు. నేను చేయిస్తానన్నది నీ పేరు పత్రికలో వేయించడం. ఐదో కాలని నువ్వెప్పుడన్నావు? ఈ సమయంలో కూడా నీ మాటే పైన ఉండాలా? విచారణ కమిటీ వేశారు. పద్ధతి ఎవరిదని అడిగారు, ఇక దాచలేక నీ పేరు చెప్పాను. ముందస్తు హెచ్చరిక ఏమైనా వచ్చిందా అని అడిగారు. రాలేదని చెప్పాను, రాలేదు కాబట్టి. ఈ పద్ధతికి చిన్న గుంటలు అందవని, అది ఎవరి తప్పూ కాదని నువ్వొక కాగితం రాసిస్తే బాగుంటుంది. తమ్ముడిగా అడుగుతున్నాను.

తమ్ముడు


సెప్టెంబర్ 12

తమ్ముడూ,

ఇంత చక్కగా అబద్ధమాడతావని అనుకోలేదు. పేరట! పత్రికలో పేరు కోసం "ఆలస్యం చెయ్యకు" అంటానా?

నేను రాసే ప్రతి ఉత్తరానికీ కార్బన్ కాపీ ఉంచుకుంటాను. గైడు దగ్గర దెబ్బ తిన్నప్పట్నుంచీ అలవాటు. నీకు జూన్‌లో రాసినదాని కాపీ ఈ పొద్దున కమిటీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. మొదటి రెండు పేజీలూ తీసేసి పంపొచ్చు. తియ్యలేదు. తీస్తే నేనూ నీలాంటిదాన్నే అవుతాను. నా ఏడుపంతా వాళ్ళు చదువుకోనీ. నువ్వడిగిన కాగితం నేను రాయను. ఒక మనిషి చచ్చిపోయాడు.

అక్క


అక్టోబర్ 20

అక్కా,

నెల్లాళ్ళు రాయలేదు. రాయడానికి కూర్చున్నప్పుడల్లా లేచిపోయాను.

కమిటీ గది మా క్యాంటీను పక్కనే. పొడుగు బల్ల, ముగ్గురు పెద్దమనుషులు, మూడు నీళ్ళగ్లాసులు. వెనక వరసలో ఉడత భార్య, వాళ్ళ అన్న. గుమాస్తా నిలబడి నీ ఉత్తరం చదివాడు. స్టేషన్‌లో బండ్ల రాకపోకలు చెప్పినట్టు చదివాడు. నీ థీసిస్, మీ గైడు, నా పళ్ళు, డ్రాయింగు పుస్తకం, అమ్మ నవ్వడం. మేనేజరు బల్లకేసి చూస్తున్నాడు. నేను చెవులు కాలిపోతుంటే కూర్చున్నాను, త్వరగా అయిపోతే చాలని. గుమాస్తా పేజీ తిప్పాడు. "పాయింట్లు 341, 342, 367" అన్నాడు.

అక్కా, ఆ అంకెలు వినడం నాకదే మొదలు.

ఉత్తరం వచ్చిన రోజు రెండో పేజీతో ఆపేశాను. కోపమొచ్చి మడిచి సొరుగులో పడేశాను. కమిటీ జరిగిన సాయంత్రం ఇంటికెళ్ళి తీసి చూశాను. మొదటి రెండు కాగితాలూ ఆ రోజు నా పిడికిట్లో నలిగినట్టే ఉన్నాయి. మూడోది కొత్తదిలా ఉంది. నేను అబద్ధమాడలేదు. అంతకంటే హీనమైన పని చేశాను.

ఇంకోటి కూడా చెప్పాలి. రెండు మీటర్ల కంటే చిన్నది కనపడదని నువ్వు రాయమన్న వాక్యం నేను రాశాను. "రిపోర్టులో అనుమానం కనపడకూడదు" అని మేనేజరు కొట్టేశాడు. నేను పట్టుబట్టలేదు. షీల్డు వస్తుందంటున్నారు అప్పటికి. కమిటీకి ఇది నేనే చెప్పాను. మేనేజరు గుర్తులేదన్నాడు. ఆయన ఉన్నాడు, నన్ను తీసేశారు. పాసు తీసుకున్నారు.

బయటికొస్తుంటే ఉడత భార్య ఆపింది. "ఆ అంకెలు మా ఆయన రాసినవేనా?" అని అడిగింది. అవునన్నాను. "సరిగ్గానే రాశాడన్నమాట" అంది.

నన్ను క్షమించమని అడగను. నేనూ నిన్ను క్షమించలేకపోతున్నాను. ప్రాణం పోయే మాట మూడో పేజీలో ఎవరు రాస్తారే? నీ పేరు ముందు, ఆ మనిషి తర్వాతా? ఇది కూడా నీకు తెలిసే ఉంటుంది, రోజూ అనుకుంటూనే ఉంటావు. అయినా నా నోటితో ఒకసారి అనాలనిపించింది.

ఇప్పుడు అసలు సంగతి. మిగతా నాలుగు గోళాలూ ఉడత జులైలోనే కొలిచేశాడు. పన్నెండు మెట్లూ కట్టి, బాగున్నాయని రాసేసి, గ్యాసు నింపేశారు. ఏం మిగిలిందో ఎవరూ చూడలేదు. చూడాలని కొత్త ఇన్‌స్పెక్టరుకి చెప్పబోతే, తీసేసినవాడి మాట ఎందుకన్నట్టు చూశాడు. కాగితాల నకళ్ళు నా దగ్గరున్నాయి, జతచేశాను. వీటిని దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే. చూడు. నాకు కులాసాలొద్దు, తిట్లొద్దు. మొదటి వాక్యంలోనే అంకెలు రాయి.

తమ్ముడు


అక్టోబర్ 24

నాలుగో గోళం, పాయింట్లు 118, 119, 140, 141, రెండో కాలు అతికిన చోట. మిగులు ఐదు మిల్లీమీటర్లు, ఒకటో గోళం కంటే ఎక్కువ. గ్యాసు ఖాళీ చెయ్యాలి. ఆ కాలి దగ్గరికి మనిషి వెళ్ళకూడదు, పూత ముట్టుకోకూడదు.

రెండు, మూడు, ఐదు గోళాల్లో అలాంటిదేమీ కనపడలేదు. కనపడలేదంటున్నాను, లేదనడం లేదు.

ఈ పొద్దున పదకొండింటికి మీ ప్లాంటుకి ఫోన్ చేశాను. కొత్త ఇన్‌స్పెక్టరు మర్యాదగానే విన్నాడు. విని, "గోళాలు బాగున్నాయని రిపోర్టుంది మేడమ్. మీ పద్ధతితోనే కట్టాం" అన్నాడు. రాసి పంపితే పరిశీలిస్తామన్నాడు. ఆ కాలి పూత పని ఎప్పుడని అడిగాను. సోమవారం నుంచి అన్నాడు. కమిటీకి తంతి ఇచ్చాను. రేపూ ఎల్లుండీ శని, ఆదివారాలు, వాళ్ళకి సెలవు.

ఈ కాగితం మా కాలేజీ అటెండరు చేత బస్సులో పంపుతున్నాను, రేపు పొద్దున్నే నీ చేతికి వస్తుంది. నీకు పాసు లేదని తెలుసు. గేటు బయట నిలబడు. సోమవారం షిఫ్టుకెళ్ళే పరంజావాళ్ళు ఎంతమందో అందర్నీ ఆపి, ఏ గోళమో, ఏ కాలో చెప్పు. నీ మాట వినకపోతే ఉడత రాసిన కాగితం చూపించు, ఆ ఏడులూ ఒకట్లూ వాళ్ళు గుర్తుపడతారు.

నేను ఆదివారం బండికి వస్తున్నాను. నాతో మాట్లాడక్కర్లేదు. గేటుకి రెండో పక్కన నిలబడతాను.